‘రికార్డు లేదు’ అన్న లాట్లు ఎక్కడికీ పోలేదు

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ షాపుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న యజమానులకు, గుమస్తాలకు నమస్కారం.

పోయిన వారం లాట్ నంబరు కొడితే ‘రికార్డు లేదు’ అని వచ్చింది. ఆ లాట్లన్నీ డేటాలోనే ఉన్నాయి. ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) లెక్క కూడా పోలేదు. మీరు ఫోన్ చేసినప్పుడు మా సపోర్టువాళ్ళు ‘ఆర్థిక సంవత్సరం, బ్రాంచి సరిచూడండి, ఎక్సెల్ నుంచి అతికించిన నంబరు చివర ఖాళీ ఉందేమో చూడండి, అయినా రాకపోతే లాట్ మళ్ళీ ఎక్కించండి’ అన్నారు. మామూలు రోజుల్లో మొదటి మూడింటితోనే పని అయిపోతుంది. ఆ చివరి మాట మాత్రం చెప్పకూడనిది. అది మా తప్పు.

అసలు జరిగింది ఇది. మాకు సర్వర్ అద్దెకిచ్చినవాళ్ళు సెంట్‌ఓఎస్ 7 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే పాత మిషన్ మార్చి కొత్తది పెట్టారు. సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి మార్చడం న్యాయమే. కానీ మాకు చెప్పలేదు. పోస్ట్‌గ్రెస్ (మన డేటాబేస్ సాఫ్ట్‌వేర్) డేటా ఫోల్డర్ ఉన్నదున్నట్టు కాపీ చేసి, అదే వెర్షన్‌తో ఆన్ చేసి, ‘పని అయిపోయింది’ అనుకున్నారు. డంప్ తీసి (డేటాను వేరే ఫైలుగా రాసుకుని) మళ్ళీ ఎక్కించి ఉంటే ఇండెక్సులన్నీ, అంటే వెతకడానికి డేటాబేస్ కట్టుకునే విషయసూచికలు, కొత్తగా కట్టుకునేవి, మీకు ఈ ఉత్తరం రాయాల్సిన పనుండేది కాదు. అడిగితే ‘డేటా ఒక్క బైటు కూడా మారలేదు కదండీ’ అన్నారు. మారలేదు, నిజమే. మారింది అక్షర క్రమం.

టెక్స్ట్‌ను ఏ వరుసలో పేర్చాలో పోస్ట్‌గ్రెస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ లైబ్రరీని అడుగుతుంది. 2018లో వచ్చిన 2.28 వెర్షన్‌తో ఆ వరుస మారింది. పాత మిషన్‌లో ఉన్నది 2.17, కొత్తదాంట్లో ఉన్నది 2.34. పాత వరుసలో 11 ముందు, 1-1 తర్వాత. కొత్త వరుసలో 1-1 ముందు, 11 తర్వాత. మన లాట్ నంబర్లన్నిటికీ మధ్యలో గీత ఉంటుంది. ఇండెక్సు పాత వరుసలో పేర్చి ఉంది, వెతుకులాట కొత్త వరుసలో సాగింది. వేరే పేజీ తెరిచి చూసి ‘లేదు’ అంది. మీ గుమస్తా అదే లాట్ మళ్ళీ ఎక్కిస్తే, ఒకే నంబరు రెండుసార్లు ఎక్కకుండా డూప్లికేటును ఆపాల్సిన యూనిక్ ఇండెక్సు కూడా అదే తప్పు పేజీ చూసి ఒప్పేసుకుంది.

పార్టీ ఐడీ, బిల్లు ఐడీ లాంటివి వట్టి అంకెలు. వాటి ఇండెక్సులకు ఈ తేడా అంటదు, అందుకే లెడ్జర్ బ్యాలెన్సులు సరిగ్గానే ఉన్నాయి. ఇనిషియల్స్ మధ్య చుక్కలున్న పార్టీ పేర్లు కొన్ని వెతికినా దొరక్కపోవడానికి కారణం మాత్రం ఇదే.

ఇండెక్సు చూసి వెతికే మూడు దారులూ (ఇండెక్స్ స్కాన్, ఇండెక్స్ ఓన్లీ స్కాన్, బిట్‌మ్యాప్ స్కాన్) ఆపి, టేబుల్ మొత్తం చదివిస్తే ‘లేని’ లాట్ వెంటనే కనబడింది. ఇండెక్సులను తనిఖీ చేసే ఆమ్‌చెక్ పెడితే లాట్ ఇండెక్సు క్రమం చెడిందని తేలింది. మందు రీఇండెక్స్, అంటే ఇండెక్సును కొత్తగా కట్టడం. కానీ డూప్లికేట్లు ఉండగా యూనిక్ ఇండెక్సు కట్టబోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

రాత్రి బ్యాకప్ వెనక్కి ఎక్కించమని మీలో చాలామంది అడిగారు, కొందరు గట్టిగానే అడిగారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడు అడిగినా ఒప్పుకోను. అది డిస్క్ మొత్తానికి తీసిన కాపీ, చెడిన ఇండెక్సు కూడా దాంతోపాటే వస్తుంది. పైగా ఆ తర్వాత రైతుల చేతికిచ్చిన తక్‌పట్టీలు (అమ్మకం లెక్క చీటీలు) మన డేటాలో ఉండవు. జంట లాట్లలో కొత్తవి తుడిచేయడమూ కుదరదు: కాటా తూకాలు పాత రికార్డు కింద ఉన్నాయి, బిల్లులు కొత్తదాని కింద పడ్డాయి. రెండు రోజులు తర్జనభర్జన పడ్డాక యార్డు సెలవు రోజున బిల్లింగ్ మొత్తం ఆపేశాను. కొత్త రికార్డు కింది బిల్లులను పాత లాట్ ఐడీకి మార్చాం. డూప్లికేట్లను తుడిచేయకుండా వేరే టేబుల్‌లో దాచాం. ఆ తర్వాతే రీఇండెక్స్ చేశాం. ఆపినందుకు వచ్చిన మాటలు పడ్డాను, ఆపడం మాత్రం సరైన పనే.

టిక్కీల సంఖ్యో, రకమో రెండు రికార్డుల్లో వేరుగా ఉన్న లాట్లను మేం ముట్టుకోలేదు. ఒకచోట తేజ, ఇంకోచోట 334 అని ఉంటే ఏది నిజమో మీ కాటా చీటీకే తెలుసు. ఆ లాట్ల షీటు ఎవరిది వాళ్ళకు పంపాం, సరైన వరుసకు టిక్ పెట్టి పంపండి. అచ్చయిన తక్‌పట్టీ నంబర్లేవీ మార్చలేదు, రైతుల దగ్గరున్నవి చెల్లుతాయి.

మేం పోస్ట్‌గ్రెస్ 13 మీదే ఉండిపోవడమూ ఒక లోపమే. డేటాబేస్ అక్షర క్రమం వెర్షన్ మారితే పోస్ట్‌గ్రెస్ 15 నుంచి హెచ్చరిక వస్తుంది, మాకు అది రాలేదు. ఇప్పుడు లాట్, బిల్లు నంబర్ల కాలమ్‌లను ‘సి’ కొలేషన్‌కు, అంటే జీలిబ్‌సీని అడగకుండా బైట్ల విలువతోనే పేర్చే వరుసకు, మార్చాం. ఇక సర్వర్ ఎవరు మార్చినా వాటి వరుస మారదు. సర్వర్ అద్దె కూడా మరో చోటికి మార్చుకున్నాం.

ఇకమీదట ‘రికార్డు లేదు’ అని వస్తే సంవత్సరం, బ్రాంచి, చివరి ఖాళీ చూడండి. అప్పటికీ రాకపోతే లాట్ మళ్ళీ ఎక్కించొద్దు. లాట్ నంబరు, టైము కనబడేలా స్క్రీన్ ఫొటో తీసి పంపండి. మళ్ళీ ఎక్కించమని మా వాళ్ళెవరైనా అంటే ఫోన్ నాకివ్వమనండి.