చంటి వినే కథల గురించి అమ్మాయికి

చి.ల.సౌ. సుధకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. మీ నాన్నగారి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది. అక్కడ నీవు, అల్లుడుగారు, చంటి కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈమధ్య మీ దగ్గరి నుంచి కబురు లేదు కనుక తలచుకోవడమే తప్ప తెలుసుకునే దారి లేకపోయింది. రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి చంటి ఫోన్ చేసి “అమ్మమ్మా, కథ” అనడం అలవాటైపోయి, ఇప్పుడు ఆ వేళకు నాకు ఏ పనీ తోచడం లేదు. ఫోన్ పాడై ఉంటుందని మీ నాన్నగారంటారు. అదే అయి ఉండవచ్చు. విజయ పిన్ని మాత్రం మరోలా చెప్పింది. బడిలో చంటి తోటి పిల్లలకు కొరివిదయ్యం కథ చెప్పాడనీ, అది విన్న ఒక పాప రాత్రంతా నిద్రపోలేదనీ, టీచరుగారు నిన్ను పిలిపించి ఇంట్లో ఇటువంటి కథలు మాన్పించమన్నారనీ తన మాట. పిన్ని మాటల్లో సగం తీసేసినా మిగిలిన సగం నన్ను స్థిమితంగా కూర్చోనివ్వడం లేదు. అయినా ఆ విషయం కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు. నీకు ఉత్తరం రాసి చాలాకాలమైంది, ఇంటి కబుర్లు నాలుగు రాద్దామని కూర్చున్నాను.

రాజ్యం అత్తయ్య మనుమరాలి పెళ్లికి వెళ్లి వచ్చాము. నీవు రాలేదేమని అందరూ అడిగారు. సెలవు దొరకలేదని చెప్పాను. ముహూర్తం తెల్లవారుజామున కావడం వల్ల పిల్లలంతా పందిట్లోనే మేలుకుని ఉన్నారు. తలా ఒక ఫోన్ పట్టుకుని మూలమూలలా కూర్చున్న వాళ్లను చూసి అత్తయ్యకు ఏం తోచిందో, తన కుర్చీని వాళ్ల మధ్యకు వేయించుకుని, కాలు పొయ్యిలో పెట్టే దయ్యం కథ ఎత్తుకుంది. తల్లి రూపంలో పురిటింటికి వచ్చిన దయ్యం, కట్టెలు అయిపోతే తన కాలినే పొయ్యిలోకి చాపి అన్నం వండే ఘట్టం నీకు గుర్తుండే ఉంటుంది. ఆ చోటికి రాగానే అత్తయ్య మాట ఆపి, పసుపు రాసుకున్న తన కుడికాలిని చీర కుచ్చెళ్ల కింద నుంచి మెల్లగా, చాలా మెల్లగా ముందుకు చాపింది. చుట్టూ ఉన్న పిల్లలందరూ ఎవరూ చెప్పకుండానే తమ కాళ్లు ముడుచుకున్నారు. ఫోన్లు ఎప్పుడు కింద పెట్టారో వాళ్లకే తెలియదు. అత్తయ్యకు ఎనభై దాటాయి. ఆమె తరువాత ఆ కాలు అలా చాపడం ఎవరికి వస్తుందని తిరుగు ప్రయాణమంతా ఆలోచిస్తూనే ఉన్నాను. చంటి అక్కడ ఉండి ఉంటే నేర్చుకునేవాడు, వాడికి ఆ కన్ను ఉంది.

చంటి రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడా? లేస్తుంటే నా దగ్గర దాచవద్దు. రాత్రి భోజనం పొద్దుపోకుండా పెట్టు. కడుపు బరువుగా ఉంటే వాడికి కలలు వస్తాయి, నీకూ చిన్నప్పుడు అదే తంతు. పడుకునే ముందు టీవీ కట్టేయండి. భయం గురించి మాత్రం నా అభిప్రాయం ఒకటి రాయాలి. పిల్లలకు భయం కథతో పుట్టదు. చీకటి, ఒంటరితనం, అమ్మ కంటికి కనిపించకపోవడం కథ కంటే ముందు నుంచీ ఉన్నాయి. రూపం లేని ఆ భయానికి కథ ఒక రూపాన్నీ, కొన్ని కట్టుబాట్లనూ ఇస్తుంది. దయ్యం పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కనుక పోల్చుకోవచ్చు, ఇనుమంటే దానికి గిట్టదు, కోడి కూసిందంటే దాని ఆట కట్టు. ఇన్ని తెలిసిన పిల్లవాడు చీకట్లో కొంత ధైర్యంగానే నిలబడతాడు. కొరివిదయ్యం సంగతే తీసుకో. రాత్రిపూట పొలాల మీద ఆరుతూ వెలుగుతూ కదిలే ఆ మంట చిత్తడి నేలల్లో కుళ్లినవాటి నుంచి పుట్టే వాయువుల వల్ల వస్తుందని చదువుకున్నవాళ్లు చెబుతారు, నేనూ కాదనను. అయితే ఆ వాయువుల పేర్లు ఎవరికీ తెలియని రోజుల్లో, చీకట్లో కనిపించిన వెలుగు వెంట నడవవద్దని, నడిస్తే గట్టు తప్పి గుంటలో పడతావని పిల్లలకు నేర్పింది ఆ కథే కదా. చంటికి నేను ఈ రెండూ చెప్పాను. కథ ముందు చెప్పాను, వాయువుల సంగతి మర్నాడు చెప్పాను.

తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని సున్నంతోనూ బొగ్గుతోనూ రాసుకున్న రోజుల గురించి నీకు తెలుసు. రాత్రి తలుపు తట్టే ఆడదయ్యం ఆ రాత చదివి వెనుదిరుగుతుందనీ, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుకుని పోతుందనీ నమ్మకం. దాన్ని ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, గౌరవంగా రేపు రమ్మన్నారు. ఆ ఉపాయం ఆలోచించిన వాళ్లంటే నాకు చాలా ఇష్టం. కానీ ఇదే చోట ఒక సంగతి గట్టిగా చెప్పాలి. చేతబడి చేశారనీ, బాణామతి చేశారనీ అనుమానించి మన రాష్ట్రాల్లో నిండు ప్రాణాలు తీసిన సంఘటనలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. దయ్యం కథలో ఉండేది ఏనాడో చనిపోయినవాళ్లు. చేతబడి పుకారులో ఉండేది పక్కింట్లో బతికున్న ముసలావిడ. ఈ రెండింటినీ ఒకే గాట కట్టి అన్నీ మూఢనమ్మకాలే అని కొట్టివేసేవాళ్లు ఆ తేడా గమనించడం లేదు. బతికున్న మనిషి వైపు వేలు చూపించే మాట ఏదైనా చంటి చెవిన పడితే వెంటనే ఖండించు. కథను మాత్రం ఆ జాబితాలో చేర్చకు.

నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పని సంగతి ఒకటి ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు నాకు పన్నెండేళ్లు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. మన చల్లపల్లి ఇంటి పెంకులు గాలికి లేచిపోయాయి గాని నీళ్లు అంతదూరం రాలేదు. కోడూరు అవతల మీ చిన్నమ్మమ్మ వాళ్ల ఇల్లు మాత్రం ఆనవాలు లేకుండా పోయింది. చిన్నతాతయ్య తాటిచెట్టును కావలించుకుని బతికారు. సుబ్బు మావయ్యను ఎవరో గడ్డివాము మీద నుంచి దింపారు. చిన్నమ్మమ్మా, ఆమె చంటిపాపా దొరకలేదు. సుబ్బు అప్పటికి ఏడేళ్లవాడు. మన ఇంటికి తీసుకొచ్చాక పెడితే తినేవాడు, పిలిస్తే పలికేవాడు, తల్లి ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు. పెద్దవాళ్లు కూడా వాడి ముందు ఆ పేరు రాకుండా జాగ్రత్తపడేవారు. దీపాలు పెట్టాక మీ అమ్మమ్మ పిల్లలందరినీ వసారాలో కూర్చోబెట్టుకుని ఎప్పటిలాగే కథ చెప్పేది. ఒక రాత్రి, చనిపోయిన తల్లి చీకటి పడ్డాక ఇంటికి వచ్చి, పిల్లలకు తల దువ్వి, అన్నం పెట్టి, తెల్లవారకముందే వెళ్లిపోయే కథ మొదలుపెట్టింది. చావు జరిగిన ఇంట్లో దయ్యం కథలేమిటని లోపలి నుంచి మీ పెద్దతాతయ్య కేకలేశారు. అమ్మమ్మ జవాబివ్వకుండా కథ సాగించింది. ఆ తల్లి వచ్చి వీధి తలుపు తట్టిందని అనగానే సుబ్బు, “వీధి తలుపు కాదు, పెరటి తలుపు” అన్నాడు. “అవును, పెరటి తలుపే” అని అమ్మమ్మ దిద్దుకుంది. ఎర్రచీర కట్టుకుందంటే, “కాదు, ఆకుపచ్చ చీర, తడిసిపోయింది” అన్నాడు. “తడిసిపోయింది, కొంగు పిండుకుంటూ లోపలికి వచ్చింది” అని ఆమె అందుకుంది. అలా వాడు ఒక్కొక్కటే దిద్దుతుంటే, వాడన్నట్టే కథను తిప్పుకుంటూ పోయి, కాసేపటికి అమ్మమ్మ తానే ఊ కొట్టడం మొదలుపెట్టింది. గేదె పలుపు కోసి వదలడం, కొడుకును వాము మీదికి ఎక్కించడం, పాప కోసం మళ్లీ లోపలికి వెళ్లడం, అన్నీ కథలోని తల్లే చేసినట్టుగా సుబ్బు చెప్పుకుపోయాడు. తన తల్లి అని ఒక్కసారి కూడా అనలేదు. పెద్దతాతయ్య గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడి చివరిదాకా విన్నారు. మరుసటి రాత్రి కూడా సుబ్బు అదే కథ అడిగాడు, ఆపై రాత్రి కూడా.

ఆ కథ అచ్చులో ఉన్నదైతే వీధి తలుపు వీధి తలుపుగానే ఉండిపోయేది. పుస్తకాలను నేను తక్కువ చేయడం లేదు. నీ చేత చదివించినవన్నీ నీకు గుర్తే. కానీ ఎదురుగా కూర్చున్న పిల్లవాణ్ణి చూసి తలుపు మార్చగలిగేది నోటి కథ ఒక్కటే.

ఇది ఈనాటి మాట కాదు, గుణాఢ్యుడి కథ చూడు. శివుడు పార్వతికి ఏకాంతంగా చెప్పిన కథను పుష్పదంతుడనే గణం దొంగచాటుగా విని భార్యకు చెప్పాడు, అది పార్వతికి తెలిసి మనిషిగా పుట్టమని శపించింది, అతని తరఫున మాట్లాడిన మాల్యవంతుడికీ అదే శాపం తగిలింది. శాపం తీరే మార్గం గమనించు. పుష్పదంతుడు వింధ్యారణ్యంలో పిశాచ రూపంలో ఉన్న కాణభూతికి ఆ కథ చెప్పాలి. కాణభూతి దాన్ని మాల్యవంతుడికి చెప్పాలి. అతడు లోకానికి చెప్పాలి. ఎవరి విడుదలైనా నోరు విప్పి మరొకరికి చెబితేనే గాని లేదు. మాల్యవంతుడే శాతవాహనుడి కొలువులో గుణాఢ్యుడు. పందెంలో ఓడి సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదులుకున్నాడు కనుక పైశాచీ భాషలో, సిరా దొరక్క తన నెత్తుటితో ఏడేళ్లు కూర్చుని ఏడు లక్షల శ్లోకాలు రాశాడు. రాజు ఆ భాషను చూసి తిప్పి పంపేశాడు. అప్పుడు గుణాఢ్యుడు అడవిలో నిప్పు రాజేసి, ఒక్కో ఆకు చదివి మృగాలకూ పక్షులకూ వినిపిస్తూ మంటలో వేశాడు. అవి మేత మాని కన్నీళ్లతో విన్నాయి. రాజు సంగతి తెలుసుకుని పరుగెత్తుకు వచ్చేసరికి మిగిలింది ఒక లక్ష. ఆ బృహత్కథ మూలం ఈనాడు లభించదు. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు సంస్కృతంలో తిరిగి చెప్పిన కథాసరిత్సాగరం వంటివి ఉండబట్టి మనకు దక్కింది, మన భేతాళ కథలూ అందులో ఉన్నాయి. భేతాళుడి కథ వినని పిల్లవాడు చంటి బడిలో ఉంటాడా? మరి అదీ శవంలో దూరిన దయ్యం చెప్పే కథే. టీచరుగారితో మాట్లాడే అవకాశం వస్తే ఈ సంగతి నెమ్మదిగా, ఆమె మనసు నొప్పించకుండా చెప్పు. ఆమె పిల్లల మంచి కోరే అలా అన్నారు.

కథలన్నీ ఫోన్లో రికార్డు చేసి పంపమనీ, చంటి ఎప్పుడు కావాలంటే అప్పుడు వింటాడనీ దసరాకు వచ్చినప్పుడు నీవన్నావు. తప్పక చేస్తాను. రాజ్యం అత్తయ్య చేత కూడా చెప్పించి పెడతాను, రేపటివాళ్లకు అవి అవసరం. కానీ చంటికి అవి సరిపోవు. నేను కథ చెప్పేటప్పుడు వాడు కొట్టే ఊ మీదనే నా చెవి ఉంటుంది. ఊ గట్టిగా వస్తే దయ్యాన్ని ఇంకో రెండడుగులు దగ్గరికి తెస్తాను. ఊ సన్నబడితే కోడిని కాస్త ముందుగా కూయిస్తాను. ఏ రాత్రీ తెల్లవారకుండా కథ ముగించలేదు. రికార్డు చేసిన గొంతుకు ఎదుటివాడి ఊ వినిపించదు.

నాకు తోచేది ఏమిటంటే, బడిలో గంట మోగి చంటి కథ సగంలో ఆగి ఉంటుంది. కొరివిదయ్యం మంట కథలోని అబ్బాయిని పేరు పెట్టి పిలిచేచోట వదిలేస్తే ఏ పిల్లకైనా నిద్ర పట్టదు. వాణ్ణి కథలు మానమనవద్దు. కథ చెప్పేవాడు విన్నవాళ్లను తెల్లవారేదాకా తీసుకురావాలని చెప్పు. ఆ పాప తల్లి ఒప్పుకుంటే ఒక సాయంత్రం ఇంటికి పిలిచి, నీవు పక్కనే కూర్చుని, మిగిలిన సగం వాడి చేతనే చెప్పించు. అబ్బాయి గట్టు దిగకుండా నిలబడటం, మూడో పిలుపుకు కూడా పలకకపోవడం, తూర్పు తెల్లబడి మంట ఆరిపోవడం, తాత పొలానికి ఎదురురావడం, ఇవన్నీ వాడికి వచ్చు. తాత ఎదురురావడం మరిచిపోతాడు, అందించు.

రాత్రి ఎనిమిదిన్నరకు నేను ఫోన్ దగ్గరే ఉంటాను. నీకు ఇష్టం లేకపోతే కొన్నాళ్లు దయ్యాలు లేని కథలే చెబుతాను, ఏడు చేపల కథ వాడికి ఎన్నిసార్లయినా ఇష్టమే. కానీ ఆ మాట నీ నోటితో నాకు చెప్పు, పిన్ని ద్వారా వద్దు. నీవు రాత్రిళ్లు పనిచేస్తూ మేలుకుంటున్నావని కూడా ఆవిడే అంది. తలకు నూనె రాసుకుని వేళకు పడుకో. చంటికి చేతులున్న బనియన్లు పొట్టివైపోయి ఉంటాయి, కొలత పంపితే ఇక్కడి నుంచి కుట్టించి పంపుతాను. అల్లుడుగారికి మా ఆశీస్సులు తెలియజేయి. ఈ ఉత్తరం అందగానే జవాబు రాయి, లేదా ఫోన్ చేయి.

ఆశీస్సులతో,
అమ్మ