ఆ గుండ్లు ఏ తుపాకీకి?

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం బాగున్నాం. గట్టర్లలో ఆకులు తీయించాను. నిచ్చెన నేనెక్కలేదు, ఎదురింటి కుర్రాడు ఎక్కాడు. అమ్మ నీతో ఇంకోలా చెబితే నమ్మకు. నువ్వు దీపావళి ముందు మాట్లాడావు, ఆ తర్వాత బొటనవేలు బొమ్మ ఒకటి పంపావు. పని ఎక్కువగా ఉందనుకున్నాం.

మొన్న బుజ్జి ఏదో మాటల్లో అంది, నీతో వీడియోలో మాట్లాడుతుంటే వెనక మీరు తూటాలు చేసుకునే టేబుల్ మీద బుల్లెట్ల పెట్టె కనిపించిందట. "బాగా మొనదేలి ఉన్నాయి పెదనాన్నా" అంది. దానికేం తెలుసులే అని ఊరుకున్నాను. ఊరికే అడుగుతున్నా, అవి ఏ తుపాకీకి కొన్నారు?

అమ్మకి కార్తీక మాసం నడుస్తోంది. మీ మిషిగన్‌లో రైఫిల్‌తో జింకల వేట సీజన్ ఏ వారమైనా సరే నవంబర్ 15నే మొదలవుతుంది, అది చాలాసార్లు కార్తీకంలోనే పడుతుంది. కిందటేడు నువ్వు పంపిన మాంసం నెల దాటాకే ఫ్రీజర్లోంచి బయటికి తీసింది. పచ్చడి పెట్టింది, మటన్ పచ్చడి కంటే బాగుంది. కొవ్వు అసలు లేదు కాబట్టి నూనె ఎక్కువ పట్టిందంది.

అల్లుడుగారి సావేజ్ 99 రైఫిల్ కోసం అయితే పేచీ లేదు. దానిది గుండ్రంగా తిరిగే తూటాల అర (మ్యాగజైన్), ఏ తూటా గది దానిదే. మన మార్లిన్ 336 అలా కాదు. బ్యారెల్ కింద గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. వెనకదాని మొన ముందుదాని ప్రైమర్‌కి, అంటే తూటా అడుగున దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే బిళ్లకి, ఆనుకుంటుంది. ఒకటి పేలి తుపాకీ అదిరినప్పుడు ఆ మొన ప్రైమర్‌ని పొడిస్తే గొట్టంలోనే పేలుతుంది, నీ ఎడమ చెయ్యి సరిగ్గా అక్కడే ఉంటుంది. అందుకే దాని తూటా .30-30కి మొదటినుంచీ చదును ముక్కువో, మొద్దు ముక్కువో గుండ్లు. హార్నడీ కంపెనీ వాళ్ల ఎఫ్‌టీఎక్స్ గుండు వేరు. మొన ఉంటుంది కానీ ఎర్రగా, మెత్తగా ఉంటుంది, నొక్కితే వంగుతుంది. బుజ్జి చూసింది ఎర్రవా అని అడిగాను, గుర్తులేదంది. వీడియో చూస్తూ ఏం చూస్తారో ఈ పిల్లలు.

ఇందులో నన్ను నిద్రపోనివ్వనిది ఏమిటంటే, ఆయన తూటా .300 సావేజ్‌కీ మన .30-30కీ గుండు వ్యాసం ఒకటే, .308 అంగుళం. ఒకే టేబుల్, తూటాలు బిగించే ఒకే ప్రెస్, ఒకే సైజు గుండ్లు. ఆయన పెట్టె నీ చేతికి వస్తే అదీ చక్కగానే కేసులో, అంటే తూటా ఇత్తడి తొడుగులో, కూర్చుంటుంది. ప్రెస్‌లో బిగించే ఏ అచ్చు (డై) కూడా "అమ్మా, ఇది కాదు" అని చెప్పదు. పెట్టెల మీద మార్కర్‌తో పెద్ద అక్షరాలతో రాయి. వేర్వేరు అరల్లో పెట్టు.

ప్రమాదం మాట వదిలేసినా, 150 గ్రెయిన్ల (అది గుండు బరువు) గుండ్లన్నీ ఒకటి కాదు. ఎక్కువ వేగానికి చేసినవి మన తుపాకీ వేగంలో సరిగ్గా విచ్చుకోవు. కంపెనీ తూటాల్లో 150 గ్రెయిన్లది సెకనుకి సుమారు 2,390 అడుగులు, 170ది 2,200. జింక 120 గజాల్లో ఉండేసరికి అదీ తగ్గుతుంది. విచ్చుకోకపోతే సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతుంది, ఆ మూగజీవం ఎక్కడో పడి చస్తుంది, నువ్వు చీకట్లో వెతుకుతావు. స్పీర్, సియెర్రా, హార్నడీ, ముగ్గురూ .30-30 కోసమే చదును ముక్కువి చేస్తున్నారు. నా ఓటు 170కే. అల్లుడుగారు 150 అంటారని తెలుసు, సరే, అదీ మంచిదే.

క్రింప్ మాత్రం, అంటే కేసు మూతిని గుండు మీది గాడిలోకి నొక్కి బిగించడం, మానకు. పక్కింటి ముసలాయన మేనల్లుడి సంగతి నీకు చెప్పానో లేదో. పెన్సిల్వేనియాలోని పాటర్ కౌంటీకి వేటకి తీసుకెళ్లారు నన్ను, అప్పటికి నీకు పళ్లు ఊడుతున్నాయి. ఆ కుర్రాడు తూటాలు తనే చేసుకొచ్చాడు, ఒక్కోటి తళతళలాడుతూ. పొద్దున్నే మంచు పడుతోంది, కాఫీ ఫ్లాస్క్ నా దగ్గరే మర్చిపోయాడు, అది వేరే కథ. అరవై గజాల్లో మంచి మగజింక వచ్చి నిలబడింది. కాల్చాడు, పైనించి పోయింది. జింక ఏమీ తోచనట్టు అక్కడే నిలబడి చూసింది. ఇంకో తూటా ఎక్కించడానికి లీవర్ లాగాడు, సగంలో ఇరుక్కుపోయింది. మళ్లీ లాగాడు, కదలదు. వాడి మాటలు నేనిక్కడ రాయను. జింక నింపాదిగా నడిచి వెళ్లింది. ముసలాయన ఒక్క మాట అనలేదు. ట్రక్కు దగ్గర జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి లీవర్ స్క్రూ విప్పాడు. ఆ ఒక్కటీ తీస్తే లీవర్, బోల్ట్ బయటికొచ్చేస్తాయి, మార్లిన్‌లో నాకు నచ్చేది అదే. చూస్తే, క్రింప్ లేకపోవడంతో అదురుకి గొట్టంలోని గుండు కేసు లోపలికి దిగిపోయింది. తూటా పొట్టిదై, వెనకే ఇంకోటి సగం దూరి, తూటాని పైకి ఎత్తే క్యారియర్‌ని పట్టేసింది. గుండు లోపలికి దిగితే లోపల ఒత్తిడి కూడా పెరుగుతుంది, వాడి అదృష్టం కొద్దీ పేలకుండా ఇరుక్కుంది. ముసలాయన ఆ గుండు మెడ మీది గాడి చూపించి, "ఇది అందానికి పెట్టలేదు" అన్నాడు. దారంతా రేడియో పెట్టలేదు.

కేసులన్నీ ఒకే పొడవుకి కత్తిరించాకే క్రింప్ చెయ్యి, లేకపోతే ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా వస్తుంది. మన కేసులు అడుగున అంచు దగ్గర సాగి తెగుతాయి. వంచిన పేపర్ క్లిప్పు లోపలికి పెట్టి గీకి చూడు, గాడి తగిలితే చెత్తబుట్టలోకే. డబ్బుకి చూసుకోకు.

నేను ఉపన్యాసం ఇవ్వనని అమ్మకి మాటిచ్చి కూర్చున్నాను.

చింటూ ఇప్పుడు అందినవన్నీ నోట్లో పెట్టుకుంటున్నాడు కదా. సీసం గుండు మాంసంలో ముక్కలై, గాయానికి దూరంగా కూడా పోతుంది. 2008లో నార్త్ డకోటాలో దానం చేసిన జింక మాంసం కీమా పారేయమన్నారు, ఎక్స్‌రేలో సీసం కనిపించి. రాగి గుండ్లు వాడు. బార్న్స్ వాళ్లది .30-30కి చదును ముక్కుతో 150 గ్రెయిన్లది ఉంది. రాగి తేలిక, అంత బరువుకే పొడవు ఎక్కువ, కేసులో ఎక్కువ చోటు తింటుంది. కాబట్టి సీసానికి రాసిన తుపాకీ మందు కొలత దీనికి వెయ్యకు, వాళ్ల పట్టికే చూడు, కనిష్ఠం నుంచి మొదలుపెట్టు. టేబుల్ మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. ప్రైమర్లు తాళం వేసిన బీరువాలో పెట్టు. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కో, ఆ తర్వాతే వాణ్ణి ఎత్తుకో.

ఆదివారం ఫోన్ చెయ్యి. లేదా పెట్టె ఫోటో పెట్టు, లేబుల్ కనబడేలా.

అమ్మ శుక్రవారం పార్సెల్ పంపుతోంది. కందిపొడి, చింటూకి ఉన్ని టోపీ, నీకు రెండు జతల మందపు మేజోళ్లు. అడుగున ఆ బార్న్స్ గుండ్ల పెట్టె ఒకటి పెట్టాను. ఉత్త గుండ్లే, మందు, ప్రైమర్లు పోస్టులో పంపకూడదు, అవి మార్క్వెట్‌లోనే కొనుక్కో. కందిపొడి ప్యాకెట్ చిరగకుండా కత్తెరతో జాగ్రత్తగా తెరువు.

నాన్న