మట్టి కార్డులో లేని గడి

సంపాదకుడు గారికి,

హైదరాబాద్‌లో మూసీ నది సుందరీకరణ మీద మీరు వేసిన ప్రత్యేక పేజీ వచ్చి పది రోజులైంది. పొలాల సంగతి ఎవరైనా రాస్తారేమోనని రోజూ ఈ శీర్షిక చూస్తున్నాను. ఎవరూ రాయలేదు.

వంతెనలు, పడవలు, రంగు దీపాలు, బొమ్మలన్నీ బాగున్నాయి. కానీ అవన్నీ నాగోలు దగ్గరే ఆగిపోయాయి. నది ఆగదు కదా! పీర్జాదిగూడ, ప్రతాపసింగారం దాటి, కత్వల (చిన్న ఆనకట్టల) దగ్గర కాల్వల్లోకి మళ్లి, వలిగొండ దాకా వరి మళ్లలో పారుతుంది. మనం ఫ్లష్ చేసిందే అక్కడ సాగునీరు.

మా చిన్నాయనకు ఆ కాల్వ కింద మూడెకరాలుంది. నాట్లేసే ఆడవాళ్లు కాళ్లకు నూనె రాసుకుని గానీ మడిలో దిగరు. దిగినా సాయంత్రానికి దురదే. చిన్నాయన వడ్లన్నీ అమ్మేసి, ఇంటికి వేరే ఊరి బియ్యం కొంటాడు. ఎందుకని అడిగితే నవ్వుతాడు. ఆయన అమ్మిన వడ్లు ఎవరి కంచంలోకి వస్తున్నాయో నేను వేరే చెప్పాలా?

నురగ, వాసన అందరికీ తెలుస్తాయి. సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి విష లోహాలు అలా తెలియవు. ఇవి మురుగులాగా కుళ్లిపోయేవి కావు. మురుగును శుద్ధి చేసినా చాలావరకు అడుగున మిగిలే బురదలో చేరతాయి తప్ప మాయం కావు. మట్టిలోకి వచ్చాయంటే ఏటేటా పేరుకోవడమే. వరితో ఇంకో తిరకాసుంది: మడిలో నీళ్లు నిలబెడితే ఆర్సెనిక్‌ను ఎక్కువ లాగుతుంది, ఆరబెడితే కాడ్మియాన్ని. ఒంట్లో చేరిన కాడ్మియం మూత్రపిండాల్లో తిష్ట వేస్తే, అందులో సగం పోవడానికే పదేళ్లకు పైన పడుతుంది. జపాన్‌లో జింజూ నది కింద పండిన బియ్యం తిన్నవాళ్ల ఎముకలు పెళుసై విరిగాయి. 'ఇటాయ్ ఇటాయ్' అని ఏడ్చారట, అంటే నొప్పి నొప్పి అని. గని నుంచి వచ్చిన కాడ్మియమే కారణమని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. ఆలస్యంగానైనా ఒప్పుకుంది!

మన దగ్గర ఒప్పుకోవడం, కాదనడం తర్వాత. ముందు చూసేదెవరు? చిన్నాయన పొలం మట్టి నేనే సంచిలో తీసుకెళ్లి పరీక్షకిచ్చాను. 2015లో మొదలైన భూసార కార్డు పథకం కింద 12 అంశాలు చూస్తారు: నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, ఇనుము వగైరా. కాడ్మియం లేదు, సీసం లేదు. ఇదేమిటని అడిగితే, "ఆ గడి మా కార్డులో లేదు సార్" అన్నారు. మరి ఎవరి దగ్గరుంది? ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ సార్ మీటింగ్‌లో ఉన్నారు. మర్నాడూ మీటింగే. పోనీ కొనుగోలు కేంద్రంలోనైనా చూస్తారా అంటే, తేమ 17 శాతం దాటితే బస్తా వెనక్కి, తాలు ఉంటే కోత. విషం ఉందా అని అడిగే నాథుడు లేడు.

అడిగితే ఏమవుతుందో కూడా చూశాం లెండి. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వల్ల నక్కవాగుకు పట్టిన కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కారు. అప్పటికి నేను ఉద్యోగంలో కుర్రవాణ్ణి. ఇప్పుడు పెన్షన్ తీసుకుంటున్నాను.

మూసీ రైతు వడ్లకు చెడ్డపేరు తేవాలని ఇది రాయడం లేదు. ఉందో లేదో తేల్చండి అంటున్నాను. కాల్వ కింద ఊరూరా మట్టి, నీళ్లు, బియ్యం మూడూ పరీక్ష చేసి, అంకెలు పంచాయతీ గోడ మీద అతికించండి. లేకపోతే లేదనే రాయండి, చిన్నాయన తన బియ్యం తనే తింటాడు. పడవల ఖర్చులో దీనికెంతవుతుంది? ఒక తెడ్డు ఖరీదా?

కార్డు జిరాక్స్ జత చేస్తున్నాను. మా మట్టిలో జింకు కొంచెం తక్కువట. చల్లమన్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, బోడుప్పల్, హైదరాబాద్