గెలిచిన ఏడాదే మన ఊళ్ళో ఓడిపోయాం

లెస్టర్,
2025 డిసెంబర్ 7, ఆదివారం

చిన్నీ,

గ్రీన్ పార్టీలో చేరానని నువ్వు చెప్పగానే నేనేమీ అనకుండా ఫోన్ మీ నాన్న చేతికిచ్చేశాను. కోపం వచ్చిందనుకుని ఉంటావు. కోపం కాదు. ఇరవై ఏళ్ళుగా లేబర్ పార్టీ ఎర్ర గులాబీ గుర్తుకే ఓటేస్తున్న ఇంట్లో ఆ మాట వినేసరికి గొంతు పట్టేసింది, అంతే. ఫోన్‌లో అయితే ఇద్దరం ఒకరి మాట ఒకరు పూర్తి చెయ్యనివ్వం. అందుకే కూర్చుని రాస్తున్నాను. మధ్యలో ఆపకుండా చదువు.

నేను లేబర్ మనిషినని నీకు తెలుసు. ఎందుకో మాత్రం ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. 2003లో నెల్లూరు నుంచి ఇంగ్లండ్‌కి నర్సు ఉద్యోగానికి వచ్చాను. వచ్చిన కొత్తలో మా వార్డులో ఒక పెద్దాయన ఉండేవాడు. కోల్‌విల్ వైపు బొగ్గుగనుల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాడు. మూడు వారాలు ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఇంటికి వెళ్ళే రోజు కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, అందరికీ థాంక్స్ చెప్పి నడిచి వెళ్ళిపోయాడు. నేను కౌంటర్ వైపు చూస్తూ నిలబడ్డాను, డబ్బులు ఎక్కడ కడతాడా అని. ఎక్కడా కట్టలేదు. మీ తాతయ్య గుండె ఆపరేషన్‌కి అమ్మమ్మ చేతి గాజులు తాకట్టుకు వెళ్ళిన రోజు నాకు గుర్తొచ్చింది. ఆ గాజులు మళ్ళీ ఇంటికి రాలేదు. 1948 జూలై 5న ఎన్‌హెచ్‌ఎస్ అనే ఈ ఉచిత ప్రభుత్వ వైద్యం మొదలుపెట్టింది అట్లీ గారి లేబర్ ప్రభుత్వం, దాన్ని పట్టుబట్టి సాధించింది బెవన్ అనే ఆరోగ్య మంత్రి అని అప్పుడే తెలుసుకున్నాను. ఆ రోజే నా ఓటు ఎవరికో తేలిపోయింది.

2005లో మొదటిసారి ఇక్కడ ఓటేశాను. అప్పటికి నాది ఇండియన్ పాస్‌పోర్టే. కామన్వెల్త్ దేశాలవాళ్ళు ఇక్కడ సరైన వీసా మీద ఉంటే పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటు వెయ్యొచ్చు. ఇప్పుడు చదువుకోవడానికి వచ్చిన మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు. తెలిసినవాళ్ళు "మనకెందుకులే ఆంటీ" అంటారు. నువ్వు కనీసం అలా అనలేదు, ఏదో ఒక పార్టీలో చేరావు. దానికి నాకు లోపల సంతోషంగానే ఉంది.

ఇక 2024 జూలై 4 సంగతి. నువ్వు ఎ లెవెల్స్ అయిపోయి ఫ్రెండ్స్‌తో ఉన్నావు, ఆ నెల రోజులు నేనెలా గడిపానో చూడలేదు. డ్యూటీ దిగగానే బెల్‌గ్రేవ్‌లో, రషీ మీడ్‌లో కరపత్రాలు పంచేదాన్ని. ఇక్కడి తలుపులకుండే ఉత్తరాల సందులో లోపల గట్టి బ్రష్ ఉంటుంది. కాగితాన్ని మామూలుగా మడిస్తే దూరదు. నిలువుగా మూడు మడతలు వేసి, రెండు వేళ్ళతో లోపలిదాకా తోయాలి. అవతల కుక్క ఉందేమో ముందు వినాలి. వేళ్ళు గీరుకుపోయి, వార్డులో శానిటైజర్ రాసుకుంటే మండేవి.

మెల్టన్ రోడ్డు దగ్గర ఒక గుజరాతీ పెద్దావిడ తలుపు తీసి కుర్చీ వేసి నాకు టీ ఇచ్చింది. ముప్పై ఏడేళ్ళు మీకే వేశాం బేటీ, ఈసారి వెయ్యం అంది హిందీలో. ఎందుకని అడిగాను. లెక్కపెట్టి చెప్పింది. 2022లో ఊళ్ళో హిందూ ముస్లిం కుర్రాళ్ళ మధ్య గొడవలు జరిగినప్పుడు మీవాళ్ళు మా గడపకి రాలేదు అంది. 2023 కౌన్సిల్ ఎన్నికల ముందు మీ పార్టీ పనిచేస్తున్న కౌన్సిలర్లను పక్కన పెట్టింది అంది. అది నిజమే, 19 మందికి మళ్ళీ పోటీ చేసే అవకాశం ఇవ్వలేదు. ఇప్పుడు లండన్ నుంచి మనిషిని తెచ్చారు, అవతలి అమ్మాయి ఇక్కడే పుట్టింది అంది. నా దగ్గర జవాబు లేదు. టీ తాగి, దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఆ రాత్రి లెక్కింపు చూడడానికి పార్టీ తరఫున వెళ్ళాను. పొడుగాటి బల్లలు. ఓట్లను కట్టలు కట్టి, ఏ అభ్యర్థివి ఆ అభ్యర్థి ముందు పేరుస్తారు. ముట్టుకోకూడదు, చూడాలంతే. ఫోన్‌లో దేశమంతా లేబర్ గెలుపు వార్తలు. పక్కనున్నవాళ్ళు కేకలు వేస్తున్నారు. నా కళ్ళ ముందు బల్ల మీద మాత్రం కన్జర్వేటివ్ అభ్యర్థి శివానీ రాజా కట్టలే పెరుగుతున్నాయి. మన అభ్యర్థి రాజేశ్ అగర్వాల్ కట్టలు ఒకచోట ఆగిపోయాయి. చివరికి ఆమెకు 14,526, మనకు 10,100. ఆ పక్కనే ఇంకో రెండు కుప్పలున్నాయి. మన పార్టీ బహిష్కరించిన క్లాడియా వెబ్ ఇండిపెండెంటుగా తెచ్చుకున్నవి 5,532. ముప్పై రెండేళ్ళు మన పార్టీ ఎంపీగా ఉన్న కీత్ వాజ్ కొత్త పార్టీ మీద తెచ్చుకున్నవి 3,681. ఆ మూడు కుప్పలూ ఒకప్పుడు ఒకటే కుప్ప. కలిపి చూడు, 19 వేలు దాటుతుంది.

దేశంలో 411 సీట్లు గెలిచిన రోజున మన నియోజకవర్గం లెస్టర్ ఈస్ట్ పోయింది. 2019తో పోలిస్తే కన్జర్వేటివ్‌లు, అదే టోరీలు, దేశం మొత్తంలో కొత్తగా గెలుచుకున్న సీటు ఇదొక్కటే. లెస్టర్ సౌత్‌లో గాజా విషయంలో ముస్లిం సోదరులకు మా మీద కోపం, మా పార్టీ పెద్ద నాయకుడు జోనాథన్ ఆష్‌వర్త్ అంతటివాడు 979 ఓట్ల తేడాతో ఇండిపెండెంటు చేతిలో ఓడిపోయాడు. తెల్లవారితే జూలై 5, ఎన్‌హెచ్‌ఎస్ పుట్టినరోజు. కారులో కూర్చుని ఏడ్చాను, చిన్నీ. మీ నాన్నకి కూడా చెప్పలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ 411 సీట్లకు దేశంలో పడిన ఓట్లు 33.7 శాతమే. ఓట్లు మూడో వంతు, సీట్లు మూడింట రెండు వంతులకు దగ్గర. ఎక్కడికక్కడ అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు ఇక్కడ. ఆ ఏడాది 14 శాతం ఓట్లు తెచ్చుకున్న రిఫార్మ్‌కి, వలసల మీద విరుచుకుపడే ఆ పార్టీకి, దక్కినవి అయిదే సీట్లు. ఇప్పుడు సర్వేల్లో నెలల తరబడి వాళ్ళే ముందున్నారు. నిన్నటిదాకా వాళ్ళను ఆపిన పద్ధతే రేపు వాళ్ళకు నిచ్చెన అవుతుంది. మన కుప్పలు ముక్కలైతే చాలు. మొన్న మేలో రంకార్న్ ఉప ఎన్నిక చూశావు కదా. 2024లో 14,696 ఓట్ల మెజారిటీతో మేం గెలిచిన సీటు. రిఫార్మ్ ఆరు ఓట్లతో ఎగరేసుకుపోయింది. ఆరు! మన ఎదురింట్లో ఉండేదే ఏడుగురు.

అక్టోబర్‌లో వేల్స్ అసెంబ్లీకి కెర్ఫిలీలో జరిగిన ఉప ఎన్నిక మాత్రం వేరు. వందేళ్ళుగా లేబర్ కోట అది. అక్కడి జనం రిఫార్మ్‌ని ఆపగలిగేది ఎవరో చూసుకుని వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రీకి గంపగుత్తగా వేసేశారు. లేబర్ 11 శాతంతో మూడో స్థానానికి పడిపోయింది. మా బ్రాంచిలో ఆ వారమంతా ముఖాలు వాడిపోయాయి. నేను ఒక్కమాట ఎవరితోనూ అనలేదు, నీకే రాస్తున్నాను. ఆ రోజు నేను కెర్ఫిలీలో ఉండి ఉంటే, ఆ బూత్‌లో దారం కట్టిన పెన్సిల్ చేతిలోకి తీసుకుని, ప్లైడ్ పేరు పక్కనే ఇంటూ గుర్తు పెట్టేదాన్ని. చెయ్యి వణికేదేమో, పెట్టేదాన్ని.

"లేబరూ టోరీలూ ఒకటేలే అమ్మా" అన్నావు. ఒకటి కాదు. నవంబర్ 26 బడ్జెట్‌లో ఇద్దరు పిల్లల పరిమితి ఎత్తేస్తామన్నారు. మూడో బిడ్డ పుడితే సాయం లేదని 2017లో టోరీలు పెట్టిన రూల్ అది. చలికాలంలో పిల్లల వార్డులో పనిచేస్తే ఆ రూల్ ఎవరి ఒంటిమీద కనిపిస్తుందో తెలుస్తుంది. ఆ ఒక్కపనికి నేను ఇంకో వెయ్యి గడపలు ఎక్కుతాను.

కానీ నీ కోపంలో న్యాయం లేదని అనను. ముసలివాళ్ళ చలికాలపు హీటింగ్ డబ్బులు కోసేసి, అందరూ తిట్టాక ఏడాదికి వెనక్కి తగ్గారు. ఆ తప్పు చెయ్యకుండా ఉండాల్సింది. మేలో ప్రధాని స్టార్మర్ ఈ దేశం అపరిచితుల దీవి అయిపోయే ప్రమాదం ఉందన్నప్పుడు నేను నైట్ డ్యూటీకి తయారవుతున్నాను. యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ విన్నాను. ఇరవై రెండేళ్ళు ఇక్కడి వాళ్ళ ఒళ్ళు తుడిచాను, వాళ్ళు పోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నేను ఎవరికి అపరిచితురాలిని? తర్వాత ఆ మాట అన్నందుకు ఆయన విచారం చెప్పాడు. చెప్పడం మంచిదే, కానీ ఆ రాత్రి షిఫ్ట్ నాకు చాలా పొడుగ్గా గడిచింది.

మన నెల్లూరు అబ్బాయి, నీకు గోంగూర పచ్చడి సీసా తెచ్చిచ్చినవాడు, కేర్ వర్కర్‌గా 2022లో వచ్చాడు కదా. అయిదేళ్ళకు శాశ్వత నివాసం వస్తుందని క్యాలెండర్ మీద గీతలు పెట్టుకున్నాడు. గత నెల ప్రభుత్వం పెట్టిన కొత్త ప్రతిపాదన ప్రకారం మామూలుగా పదేళ్ళు, అతని లాంటి ఉద్యోగాలకు పదిహేనేళ్ళు. ఇప్పటికే ఇక్కడున్నవాళ్ళకి కూడా. "మీ పార్టీయే కదా ఆంటీ" అన్నాడు. అరుస్తే బాగుండేది. మెల్లిగా అన్నాడు. ఆ ప్రతిపాదన మీద ప్రభుత్వం పెట్టిన అభిప్రాయ సేకరణకి అతనూ నేనూ ఈ టేబుల్ దగ్గరే కూర్చుని జవాబు రాశాం. పార్టీ బ్రాంచిలో కూడా లేచి చెప్పాను, ఆట మధ్యలో రూల్ మార్చడం అన్యాయమని. లోపల ఉండి పోట్లాడడానికైనా లోపల ఉండాలి కదా అని నా పట్టుదల. అవతల రిఫార్మ్ ఏమంటోంది? శాశ్వత నివాసం అనేదే రద్దు చేస్తాం, ఇప్పటికే వచ్చినవాళ్ళది కూడా తీసేస్తాం అని సెప్టెంబర్‌లో బాహాటంగా చెప్పింది. పదిహేనేళ్ళు తప్పు. అసలు లేకుండా చెయ్యడం ఇంకో సంగతి. ఈ రెంటికీ తేడా ఆ అబ్బాయిని అడుగు, చెబుతాడు.

నిన్ను పార్టీ మారమని అడగను. నువ్వు చదువుతున్న షెఫీల్డ్‌లో మేలో కౌన్సిల్ ఎన్నికలున్నాయి, అక్కడ గ్రీన్‌కి బలముంది, వెయ్యి. కానీ మన ఇంటి అడ్రస్ మీద కూడా నీ ఓటు ఉండనివ్వు. స్టూడెంట్లు రెండుచోట్లా నమోదు చేసుకోవచ్చు. కౌన్సిల్ ఎన్నికల్లో రెండు ఊళ్ళలోనూ వెయ్యొచ్చు, పార్లమెంటుకి మాత్రం ఒక్కచోటే. లెస్టర్ కౌన్సిల్ ఎన్నికలు 2027లో రావాలి. పార్లమెంటు ఎన్నిక 2029 దాటి పోదు. ఆ 4,426 ఓట్ల తేడా నేను ఇంకా మోస్తున్నాను. ఆ రోజు లెస్టర్ ఈస్ట్‌లో రిఫార్మ్‌ని ఎవరు ఆపగలరో నువ్వూ నేనూ కలిసి చూద్దాం. అది లేబర్ కాకపోతే నేను ఒప్పుకుంటాను. లేబరే అయితే నువ్వు ఒప్పుకోవాలి. నాకు ఆ మాట కావాలి నీ దగ్గర.

నీ పేరు మీద కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది, ఓటర్ల జాబితాలో ఇంకా ఇక్కడ ఉంటున్నావా అని. తెరవలేదు. ఫ్రిజ్ మీద నెల్లూరు బొమ్మ ఉన్న మాగ్నెట్ కింద పెట్టాను. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నువ్వే పూర్తిచెయ్యి. డ్రైవింగ్ లైసెన్స్ మర్చిపోకుండా తెచ్చుకో, దాని మీద ఫొటో పాతదైపోయింది, బూత్‌లో ఐడీ చూస్తారు కదా, మార్పిద్దాం. నాన్న నీ కోసం అరిసెలు చేయిస్తానంటున్నాడు.

అమ్మ