బిడ్డను చూసే ప్రతిసారీ తల్లినీ చూడండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

గర్భిణుల ఆరోగ్యం గురించి మీ పత్రికలోనూ, ఇతర పత్రికల్లోనూ తరచుగానే వ్యాసాలు వస్తున్నాయి. ఏ నెలలో ఏ పరీక్ష చేయించుకోవాలి, ఐరన్ మాత్రలు ఎలా వేసుకోవాలి, కడుపులో బిడ్డ కదలికలను ఎలా గమనించాలి అనే విషయాలు వాటిని చదివే తెలుసుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అయితే ఆ వ్యాసాల్లో ఎక్కువ భాగం కాన్పుతోనే ఆగిపోతాయి. ప్రసూతి వార్డులో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరైన దానిని నేను. తల్లి ప్రాణానికి ఎదురయ్యే ముప్పులో పెద్ద భాగం బిడ్డ పుట్టిన తర్వాతే మొదలవుతుందనీ, సరిగ్గా అప్పటికే ఇంట్లోవాళ్ల దృష్టీ, వైద్య సిబ్బంది దృష్టీ పూర్తిగా బిడ్డ మీదికి మళ్లిపోయి ఉంటుందనీ పాఠకులకు తెలియజేయడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారన్న కబురు బయటికి రాగానే గండం గట్టెక్కిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అది సహజమే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరికొన్ని ఐక్యరాజ్య సమితి సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో వెలువరించిన అంచనాల ప్రకారం, 2023లో గర్భధారణ, కాన్పు సంబంధమైన కారణాలతో ప్రపంచంలో దాదాపు 2 లక్షల 60 వేల మంది మహిళలు చనిపోయారు. ప్రతి లక్ష సజీవ జననాలకు 2000లో 328గా ఉన్న మాతృ మరణాలు 2023 నాటికి 197కు తగ్గిన మాట నిజం, అందుకు పాటుపడిన వాళ్లందరికీ చేతులెత్తి దండం పెట్టాలి. అయినా 2030 నాటికి ఈ సంఖ్యను 70 కంటే తక్కువకు తేవాలన్న లక్ష్యం ఇంకా చాలా దూరంలోనే ఉంది. ఈ మరణాల్లో అత్యధికం నివారించదగినవే. మందులు తెలిసినవే, పద్ధతులు తెలిసినవే. వాటిని వేళకు అందించడంలోనే లోపముంది, ఆ లోపం కాన్పు తర్వాతి రోజుల్లో మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

గర్భంతో ఉన్న నెలల గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే ఆ భాగం చాలామందికి తెలుసు. మొత్తం గర్భకాలంలో కనీసం 8 సార్లు వైద్య సిబ్బందికి చూపించుకోవాలని, అందులో మొదటిది 12 వారాల లోపే జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. అంతకుముందు 4 సార్లు చాలనే వారు. వెళ్లిన ప్రతిసారీ బీపీ చూడడం, 20 వారాలు దాటాక అది 140/90కి చేరితే మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో పరీక్షించడం, హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గకుండా చూసుకోవడం ముఖ్యమైన పనులు. రక్తహీనతను చాలామంది నీరసంగానే లెక్కగడతారు. అసలు భయం కాన్పు రోజున ఉంటుంది. ఒంట్లో రక్తం సరిపడా ఉన్న తల్లి తట్టుకోగలిగినంత రక్తస్రావాన్ని రక్తహీనత ఉన్న తల్లి తట్టుకోలేదు. కాబట్టి తొమ్మిది నెలల మాత్రలూ ఆ ఒక్క గంట కోసం దాచుకున్న బలమని గర్భిణులకు చెబుతుండేదాన్ని.

ఆ గంట గురించి కొంచెం వివరంగా రాయనివ్వండి. మాయ ఊడిపోయిన చోట రక్తనాళాలు తెరుచుకునే ఉంటాయి. గర్భసంచి గట్టిగా ముడుచుకుపోవడం వల్లనే అవి మూసుకుంటాయి. గర్భసంచి మెత్తబడి వదులుగా ఉండిపోతే నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ప్రపంచవ్యాప్తంగా మాతృ మరణాలకు మొదటి కారణం ఇప్పటికీ రక్తస్రావమే. దీన్ని అరికట్టడానికి బిడ్డ పుట్టగానే ప్రతి తల్లికీ గర్భసంచి ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ 10 యూనిట్లు ఇస్తారు. ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో దాచకపోతే దాని శక్తి తగ్గిపోతుంది, పైకి మాత్రం మంచి మందులాగే కనిపిస్తుంది. ఫ్రిజ్ సరిగ్గా పనిచేస్తోందా లేదా అని రోజూ చూసుకునే సిబ్బంది ఎంతమంది తల్లులను కాపాడుతున్నారో వాళ్లకే తెలియదు.

ఇంకొక చిక్కు ఏమిటంటే, పోయిన రక్తాన్ని కంటితో చూసి అంచనా వేయడం. గుడ్డల్లో, పరుపు మీద, నేల మీద పడిన రక్తాన్ని చూసి 300 మిల్లీలీటర్లేమో అనుకున్నది నిజానికి 600 కావచ్చు, అనుభవం ఉన్నవాళ్లు కూడా తక్కువగానే లెక్కవేస్తారు. ఇప్పుడు దీనికి ఒక తేలికైన సాధనం ఉంది. తల్లి నడుము కింద పరిచే ప్లాస్టిక్ షీటుకు చివర సంచిలాంటి జేబు, దాని మీద గీతలు, అంకెలు ఉంటాయి. రక్తం ఏ గీత దాకా వచ్చిందో చూసి చెప్పడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా ఆసుపత్రుల్లో 2 లక్షల మందికి పైగా మహిళలతో జరిపిన పరిశోధన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఈ షీటుతో రక్తాన్ని కొలిచి, హద్దు దాటగానే గర్భసంచిని మర్దన చేయడం, ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని తగ్గించే ట్రనెక్సామిక్ యాసిడ్, సెలైన్ ఇవ్వడం, రక్తం ఎక్కడి నుంచి వస్తోందో పరీక్షించడం ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా కాకుండా ఒకేసారి మొదలుపెడితే, తీవ్ర రక్తస్రావం, దాని వల్ల పొట్ట కోయాల్సి రావడం, మరణం వంటి దుర్ఘటనలు 60 శాతం తగ్గాయని తేలింది. ఇందులో కొత్త మందు ఒక్కటీ లేదు. కాన్పులు జరిగే ప్రతి గదిలోనూ ఆ షీటు ఉండాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు.

రక్తస్రావం గండం దాటిన తల్లిని కొన్నాళ్లకు ఇంటికి పంపుతారు. ఆ తర్వాతే నన్ను ఎక్కువగా బాధించే భాగం మొదలవుతుంది. కాన్పయితే బీపీ దానంతట అదే దిగిపోతుందని అందరి నమ్మకం. వాస్తవానికి కాన్పు తర్వాత 3 నుంచి 6 రోజుల మధ్య బీపీ మళ్లీ పెరుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఏ సమస్యా లేని వారికి కూడా ఈ రోజుల్లో ప్రీ ఎక్లాంప్సియా, అంటే బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోవడం వంటి ఇబ్బందులు కలిగే జబ్బు రావచ్చు, అది ముదిరితే పెద్దవాళ్లు గుర్రపువాతం అనే మూర్ఛలు వస్తాయి. ఒకసారి కాన్పయి ఇంటికి వెళ్లిన నాలుగైదు రోజులకే ఒక అమ్మాయి తన తల్లిని వెంటబెట్టుకుని బిడ్డను చూపించడానికి వచ్చింది. బిడ్డ ఒళ్లు పచ్చగా కనిపిస్తోందని వాళ్ల ఆందోళన. మేము బిడ్డను తూకం వేస్తుండగా ఆ అమ్మాయి బల్ల అంచు పట్టుకుని, రెండో చేత్తో కణతలు నొక్కుకుంటూ, లైటు వైపు చూడలేక కళ్లు చికిలించుకుంటూ నిలబడింది. ఏమైందమ్మా అని అడిగితే, “ఏం లేదు సిస్టర్, రాత్రుళ్లు నిద్ర లేక” అంది. “పసిబిడ్డ తల్లికి నిద్ర ఎక్కడ ఉంటుందిలెండి” అని ఆమె తల్లి కూడా సర్దిచెప్పింది. బీపీ చూస్తే పైఅంకె 170 దాటి ఉంది. వెంటనే చేర్చుకుని బీపీ తగ్గే మందులతో పాటు మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టారు, అమ్మాయి కోలుకుని ఇంటికి వెళ్లింది. మెగ్నీషియం సల్ఫేట్ మూర్ఛల ముప్పును సగానికి తగ్గిస్తుందని 33 దేశాల్లో జరిపిన పరిశోధన 2002లోనే నిరూపించింది. కానీ ఆ అమ్మాయి ఆ రోజు తన కోసం ఆసుపత్రికి రాలేదు, బిడ్డ పచ్చగా లేకపోయి ఉంటే ఇంట్లోనే తలనొప్పితో పడుకుని ఉండేది.

అందుకే ప్రతి ఇంట్లోనూ ఈ సంగతులు తెలిసి ఉండాలని నా మనవి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, గంట తిరక్కముందే ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, ఛాతీనొప్పి, వీటిలో ఏది కనిపించినా తెల్లవారాక చూద్దామని ఆగకూడదు. కాలి వాపు రక్తం గడ్డకట్టడానికి సూచన కావచ్చు, ఆ ప్రమాదం కాన్పు తర్వాతి ఆరు వారాల్లో అన్నిటికంటే ఎక్కువ. పడుకుంటే ఊపిరాడకపోవడం గుండె కండరం బలహీనపడిందనడానికి గుర్తు కావచ్చు, కాన్పయిన అయిదు నెలల వరకూ ఇది రావచ్చు. వీటన్నిటినీ “పచ్చి బాలింత కదా, అలాగే ఉంటుంది” అన్న ఒక్క మాటతో కొట్టిపారేయడం నేను ఎన్నోసార్లు విన్నాను. ఆ మాట ప్రేమతోనే అంటారు, అయినా దాని వల్ల పోయే సమయం తిరిగి రాదు.

ఇన్ఫెక్షన్ గురించి రెండు మాటలు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, డాక్టర్లూ విద్యార్థులూ కాన్పులు చేసే వార్డులో బాలింతలు జ్వరంతో చనిపోవడం మిడ్‌వైఫ్‌ల వార్డులో కంటే ఎందుకు ఎక్కువగా ఉందని ఆరా తీసి, శవపరీక్షలు చేసిన చేతులతోనే కాన్పులు చేయడమే కారణమని గ్రహించి, క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడగడం తప్పనిసరి చేశాడు. ఏప్రిల్‌లో 18 శాతంగా ఉన్న మరణాలు జూన్‌కల్లా 2 శాతం దగ్గరికి దిగాయి. తోటి వైద్యుల్లో చాలామంది ఆయన మాటను ఆయన బతికి ఉండగా ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకోని వారెవరూ లేరు, కానీ కాన్పు గదిలో నీళ్లు, సబ్బు ఎప్పుడూ అందుబాటులో ఉండేలా చూడవలసిన బాధ్యత మాత్రం ఇంకా తీరలేదు.

మనసు సంగతి అంతకంటే నిర్లక్ష్యానికి గురవుతోంది. కాన్పయిన మూడో రోజు నుంచి కారణం లేకుండా కన్నీళ్లు రావడం చాలామందిలో ఉంటుంది, రెండు వారాల్లోపు అది సర్దుకుంటుంది. సర్దుకోకుండా, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోవడం, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోవడం, తాను పనికిరానిదాన్నన్న తలంపు వదలకపోవడం ఉంటే అది వైద్యం అవసరమైన కుంగుబాటు. ప్రపంచవ్యాప్తంగా బాలింతల్లో సుమారు 13 శాతం మందిలో మానసిక సమస్య, ముఖ్యంగా ఈ కుంగుబాటు, కనిపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీన్ని గుర్తించడానికి 1987లోనే ఎడిన్‌బరో పేరుతో పది ప్రశ్నల పట్టిక తయారైంది, పూర్తి చేయడానికి అయిదారు నిమిషాలు చాలు. ఇక వెయ్యి మందిలో ఒకరిద్దరికి, సాధారణంగా మొదటి రెండు వారాల్లోనే, లేనివి కనిపించడం, వినిపించడం, పొంతన లేకుండా మాట్లాడడం వంటి తీవ్రమైన స్థితి వస్తుంది. అలాంటప్పుడు తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇది ఆమె స్వభావ దోషం కాదు, సరైన చికిత్సతో నయమవుతుంది. ఈ మాటను అత్తమామలకూ, భర్తకూ ఎవరైనా తెల్లకోటు వేసుకున్నవాళ్లు చెబితే ఇంటి వాతావరణమే మారిపోవడం నేను కళ్లారా చూశాను.

ప్రాణం తీయకపోయినా ఏళ్ల తరబడి వెంటాడే బాధలు వేరే ఉన్నాయి. దగ్గితే మూత్రం పడిపోవడం, నడుంనొప్పి, కుట్లు పడిన చోట నొప్పి, భర్తతో కలయికలో నొప్పి వంటివి. ఇలాంటి దీర్ఘకాలిక సమస్యలతో ఏటా కనీసం 4 కోట్ల మంది మహిళలు బాధపడే అవకాశం ఉందని 2023లో ది లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. వీటిలో చాలావాటికి వైద్యమూ, వ్యాయామాలూ ఉన్నాయి. సిగ్గుపడి వాళ్లు చెప్పరు, పని ఒత్తిడిలో మేము అడగం. ఎవరూ అడగని బాధకు ఏ రిజిస్టరులోనూ చోటు ఉండదు.

పరిష్కారం కోసం కొత్త భవనాలు కట్టనవసరం లేదు. మామూలు కాన్పయినా తల్లిని కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉంచాలని, ఆ తర్వాత 48 నుంచి 72 గంటల మధ్య, 7 నుంచి 14 రోజుల మధ్య, ఆరో వారంలో తప్పకుండా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫార్సు చేసింది. కాన్పు తర్వాతి తొలి రోజుల్లో తల్లుల్లోనూ బిడ్డల్లోనూ ప్రతి పదిమందిలో ముగ్గురికి పైగా ఏ పరీక్షకూ నోచుకోవడం లేదని కూడా అదే సందర్భంలో చెప్పింది. అయితే బిడ్డకు టీకా వేయించడానికీ, బరువు చూపించడానికీ తల్లులు ఎంత కష్టమైనా వస్తారు. వచ్చిన ఆ తల్లిని అక్కడే కూర్చోబెట్టి బీపీ చూసి, రక్తస్రావం, జ్వరం, మూత్రం, నిద్ర, మనసు గురించి అడగడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలకు తగిన సిబ్బందిని ఇవ్వకుండా నర్సులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు, వార్డులో ఒక్కరే అయిదారుగురు బాలింతలను చూసుకునే రాత్రి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

భర్తలకు కూడా ఒక మాట. ఆ ఆరు వారాల్లో రాత్రిపూట ఒక్కసారైనా బిడ్డను ఎత్తుకుని ఆమెకు వరసగా నాలుగు గంటల నిద్ర దొరికేలా చూడండి. ఆమె తలనొప్పి అంటే బీపీ చూపించండి. ఉద్యోగం చేసే తల్లికి కనీసం 14 వారాల సెలవు, అందులో కాన్పు తర్వాత ఆరు వారాలు తప్పనిసరిగా ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లోనే ఒప్పందం చేసింది. కూలికి వెళ్లే తల్లికీ, ఇళ్లలో పనిచేసే తల్లికీ ఒళ్లు అంతే సమయం తీసుకుని కోలుకుంటుంది కాబట్టి ఆ రక్షణ వాళ్లకూ అందాలి.

చివరిగా, ఆరోగ్య శాఖల అధికారులు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే వారికి నా విన్నపం ఒక్కటే. బిడ్డ టీకాల కార్డులో ప్రతి తేదీ పక్కన తల్లి బీపీ, తల్లి హిమోగ్లోబిన్, తల్లి ఎలా ఉందన్న మూడు గళ్లు అచ్చువేయించండి. గడి ఖాళీగా ఉంటే నింపాలన్న తపన మా వృత్తిలో ఉన్నవాళ్లందరికీ ఉంటుంది. పైన చెప్పిన ప్రమాద సూచనలను మీ పత్రికలో అప్పుడప్పుడు ఒక చిన్న పెట్టెలో, కత్తిరించి గోడకు అంటించుకునే విధంగా ప్రచురించవలసిందిగా మిమ్మల్ని కూడా కోరుతున్నాను.

ఇట్లు,
ప్రసూతి వార్డులో పనిచేసి రిటైరైన ఒక నర్సు