గోళ్లు పెట్టేవాళ్లే తీసే పద్ధతి కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల సీజన్ కదా అని మీ మహిళల పేజీలో పెళ్లికూతుళ్ల నెయిల్ డిజైన్లు వేశారు. బాగున్నాయి. తెనాలిలో చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతున్న నాకు ఆ ఫొటోలు చూడగానే, ముహూర్తాలు అయిపోయాక వచ్చే ఫోన్లు గుర్తొచ్చాయి. "అక్కా, గోళ్లు ఊడట్లేదు, ఏం చెయ్యమంటావ్?" అని. సొంత గోరు మీద అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో కట్టే ఈ ఆర్టిఫిషియల్ గోళ్లు పెట్టించుకోవడం గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. తీయడం గురించి చెప్పేవాళ్లే కనపడట్లేదు.

మాఘమాసం ముహూర్తాల తర్వాత ఒక కొత్త పెళ్లికూతురు నా దగ్గరికి వచ్చింది. గోళ్లు పెట్టించుకున్నది వేరే ఊళ్లో. మళ్లీ అంత దూరం వెళ్లలేక, ఫోన్‌లో ఏదో వీడియో చూసి, గోరు అంచు కింద దారం దూర్చి ఆడపడుచు చేత లాగించుకుంది. అక్రిలిక్‌తో పాటు సొంత గోరు పైపొరలు కూడా లేచి వచ్చేశాయి. మిగిలిన గోరు ఉల్లిపొరలా ఉంది. నొక్కితే వంగుతోంది, మధ్యలో ఎర్రటి మచ్చలు. ఆవకాయ అన్నం కలిపితే మంట, చింతపండు పిసికితే మంట. స్పూన్‌తో తింటుంటే అత్తవారింట్లో టెక్కు అనుకున్నారట పాపం. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. పాడైన గోరు మొత్తం పోయి కొత్తది రావాలంటే 4 నుంచి 6 నెలలు పడుతుంది. ఈలోగా ఏ క్రీమ్ రాసినా ఆ పొరలు తిరిగి రావు.

అక్రిలిక్‌ని లాగకూడదు, కరిగించాలి. దానికి కావలసింది అచ్చమైన అసిటోన్. మామూలు నెయిల్ పాలిష్ రిమూవర్లలో చాలావాటి మీద 'అసిటోన్ ఫ్రీ' అని ఉంటుంది. వాటితో గంటలు కూర్చున్నా పని జరగదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే పెయింట్ థిన్నర్ మాత్రం దయచేసి వాడకండి, అందులో వేరే రసాయనాలు కలుస్తాయి.

ముందు గోరు పొడవు కత్తిరించాలి. పైనున్న మెరుపు కోటింగ్‌ని గరుకు ఫైల్‌తో రుద్ది తీసేయాలి. ఆ కోటింగ్ ఉంటే అసిటోన్ లోపలికి దిగదు. రుద్దేటప్పుడు మాస్క్ పెట్టుకుంటే ఆ పొడి ముక్కులోకి పోదు. తర్వాత గోరు చుట్టూ చర్మానికి వ్యాజిలిన్ బాగా పట్టించి, గోరంత దూది ముక్కను అసిటోన్‌లో తడిపి గోరు మీద పెట్టి, చపాతీలు చుట్టే ఫాయిల్‌తో వేలి కొస చుట్టేయాలి. సుమారు 20 నిమిషాలాగి ఒక్క వేలే విప్పి చూడండి. అక్రిలిక్ జిగురుగా మెత్తబడితే చెక్కపుల్లతో మెల్లగా తోస్తే జారిపోతుంది. ఎక్కడైనా పట్టుకుని ఉంటే అక్కడ ఆగిపోయి, దూది మళ్లీ తడిపి చుట్టాలి. కత్తి కొసతో గీకకూడదు, పళ్లతో పీకకూడదు. మొత్తం గంట పట్టినా పట్టనివ్వండి.

ఎంత నానబెట్టినా మెత్తబడకపోతే అది అక్రిలిక్ కాక, లైట్ కింద పెట్టి గట్టిపరిచే హార్డ్ జెల్ అనే రకం అయినా కావచ్చు. అది అసిటోన్‌కి కరగదు, పనితెలిసినవాళ్లు ఫైల్‌తో అరగదీయాల్సిందే. లేదా చవకరకం ఎంఎంఏ అనే ద్రవంతో పెట్టిన గోరైనా కావచ్చు. అమెరికాలో మందులు, కాస్మెటిక్స్ మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1970ల్లోనే కోర్టుకు వెళ్లి, నూరు శాతం ఎంఎంఏ ఉన్న గోళ్ల ద్రవాన్ని ఆపించింది. పెట్టేటప్పుడు ఘాటైన వాసన, పెట్టాక రాయిలాంటి గట్టిదనం ఉంటే అనుమానించాలి.

నాకు అన్నిటికంటే టెన్షన్ నిప్పు గురించి. అసిటోన్ పెట్రోల్ లాగే భగ్గుమంటుంది. దాని ఆవిరి గాలికంటే బరువైనది, నేలబారున పాకి కాస్త దూరంలో ఉన్న మంటను కూడా అందుకుంటుంది. మన ఇళ్లల్లో దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి, మంచం కింద దోమల చుట్ట, పక్కనే గ్యాస్ స్టవ్. ఇవన్నీ ఆరిపోయాకే సీసా మూత తీయాలి. కిటికీలు తెరిచి కూర్చోవాలి, తలుపులేసి ఏసీ గదిలో చేయకూడదు. త్వరగా కరుగుతుందని అసిటోన్‌ని వేడిచేసేవాళ్లున్నారు, ఆ పని ఎప్పుడూ చేయొద్దు. గాజు గిన్నె గానీ స్టీలు గిన్నె గానీ వాడండి, థర్మోకోల్ కప్పులో పోస్తే కప్పే కరిగిపోతుంది. మిగిలింది కూల్‌డ్రింక్ బాటిల్‌లో పోసి పెట్టొద్దు, పిల్లలు తాగేస్తారు.

ఇంకో సంగతి. గోరు కాస్త లేస్తే చాలు, రెండు చుక్కల క్విక్ గమ్ వేసి అతికించుకుంటున్నారు. లేచిన గోరు కింద నీళ్లు నిలిచి సొంత గోరు ఆకుపచ్చగా మారుతుంది, అది బ్యాక్టీరియా పని. పైగా ఆ గమ్ దూదికి తగిలితే క్షణాల్లో వేడెక్కి చర్మం కాలుతుంది. గోరు ఆకుపచ్చగా మారినా, చీము పట్టినా, వేలు వాచి సలుపుతున్నా, చుట్టూ దురద పుట్టి దద్దుర్లు లేచినా ఇంట్లో ముట్టుకోకుండా చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

నెలలు నిండుతున్నవాళ్లు, ఆపరేషన్ డేట్ ఉన్నవాళ్లు వారం ముందే తీయించుకోండి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ రీడింగ్ ఈ గోళ్ల వల్ల తేడా రావచ్చని హాస్పిటల్‌లో తీసేయమంటారు. అప్పుడు రాత్రికి రాత్రి హడావిడిగా పీకడం మొదలవుతుంది.

నాతోటి పార్లర్లవాళ్లకు నా మనవి ఒక్కటే. పెట్టేరోజే తీసే ఖర్చు కూడా కలిపి చెప్పండి, వాడింది అక్రిలిక్కో జెల్లో బిల్లు మీద రాసివ్వండి. దానివల్ల మన గిరాకీ ఏమీ తగ్గదు. ఎక్కడ పెట్టించుకున్న గోళ్లయినా తీయడానికి ఒప్పుకోండి. "మా దగ్గర పెట్టినవి కావు" అని తిప్పి పంపితే ఆ పిల్ల ఇంటికెళ్లి దారంతో లాగుతుంది.

మీరు కూడా ఈసారి డిజైన్లు వేసినప్పుడు పక్కనే తీసే పద్ధతి వేయండి. ఫొటోలు కావాలంటే, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఒప్పుకున్నవాళ్ల చేతులు మొదటి నుంచి చివరిదాకా తీసి పంపిస్తాను.

– ఒక బ్యూటీషియన్, తెనాలి