చిమ్నీ ఉంచారు సరే, ఇటుకలు కోసినవాళ్లేరి?

సంపాదకులు గారికి,

పెన్నకి ఉత్తరాన, కోవూరు వైపు మా ఊరి పాత ఇటుకల బట్టీ స్థలంలో ఇప్పుడు ప్లాట్లు వేస్తున్నారు. చిమ్నీని మాత్రం పడగొట్టకుండా రంగులేసి, కింద బట్టీ చరిత్ర అని బోర్డు పెడతారంట. మంచిదే. రాయబోయేది చూశాను, బట్టీ పెట్టిన ఆసామి పేరు, ఆయన కొడుకుల పేర్లు, అంతే. బట్టీ చరిత్రంటే అదేనా అండీ?

చిమ్నీకి ముందు మన ఊళ్లల్లో ఉన్నవి నాటు ఆవాలు, అంటే ఇటుకలు కుప్పగా పేర్చి కాల్చే బట్టీలు. తుమ్మ కట్టెలో, రైస్ మిల్లు ఊకో పెట్టి కాల్చేవాళ్లు, ఒకసారి కాలిస్తే అంతా చల్లారి విప్పేదాకా ఆగాల్సిందే. ఈ చిమ్నీ రకం బట్టీని 1876లో డబ్ల్యూ. బుల్ అనే ఇంగ్లీషు ఇంజనీరు మన దేశంలో మొదలుపెట్టాడు. ఇందులో నిప్పు ఒకచోట ఉండదు, కందకం చుట్టూ కొంచెం కొంచెం నడుస్తూ ఉంటుంది, దాని ముందు పచ్చి ఇటుకలు పేర్చుకుంటూ పోతారు, వెనక కాలి చల్లారినవి తీసుకుంటూ వస్తారు. పై కంతల్లోంచి మంట రంగు చూసి బొగ్గు ఎప్పుడెంత వేయాలో చెప్పేసే మేస్త్రీ ఉండేవాడు, ఏ మీటరూ లేకుండా. అది చదువు కాదా?

ఇక బోర్డు మీద ఎవరూ రాయని సంగతి. మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి ఇటుకలు కోయడం సంక్రాంతి దాటాకే. ఆ వాన రోజుల్లో చేతిలో పని ఉండదు, సరిగ్గా అప్పుడే అడ్వాన్సు చేతిలో పెడతారు. తర్వాత మొగుడూ పెళ్లాం, పిల్లలతో సహా మట్టి తొక్కి, అచ్చులు వేసి, వెయ్యికింత అని ఆ బాకీ తీర్చాలి. అకాల వానొచ్చి పచ్చి ఇటుకలు కరిగిపోతే అవి లెక్కలోకి రావు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాక కూడా బాకీ తీరని యానాది కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఉండేవి, పెద్దవాళ్లని అడిగితే చెప్తారు.

మట్టి తీసిన పొలాలు ఇప్పటికీ పక్కవాటికన్నా పల్లంలోనే ఉన్నాయి. పైమట్టి ఇలా పోతోందనే కేంద్రం 1999లో థర్మల్ కరెంటు కేంద్రాల బూడిదని ఇటుకల్లో వాడమని నోటిఫికేషన్ ఇచ్చింది. ఇప్పుడు నేలటూరు థర్మల్ మన జిల్లాలోనే ఉంది, బూడిద ఇటుకలూ వచ్చేశాయి, మా బట్టీ మూతపడింది. దానికి నేనేం ఏడవడం లేదు.

నేను అడిగేది ఒక్కటే. మట్టి తొక్కినవాళ్లు, కోసినవాళ్లు, పేర్చినవాళ్లు, నిప్పు చూసినవాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు. మీ జిల్లా పేజీ విలేకరి ఒక పూట వచ్చి వాళ్లతో మాట్లాడితే బాగుంటుంది, వెంచర్ వాళ్లు ఆ బోర్డులో వాళ్ల పేర్లకీ ఆ బాకీ కథకీ చోటివ్వాలి. బోర్డు ఇంకా పెయింటర్ దగ్గరే ఉంది, కాబట్టి ఈ ఉత్తరం కాస్త త్వరగా వేయండి.

– ఒక పాఠకుడు, కోవూరు మండలం, నెల్లూరు జిల్లా